పక్కవాడి కోసం పని ఆపిన వాళ్లు: ఐర్లాండ్‌లో మతకలహాలు, కార్మిక సంఘాల సంఘీభావం వెనక కథ

2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిని కొందరు కొట్టి, ఒంటి మీద బట్టలు కూడా లాగేసి రోడ్డు మీద వదిలేసి పోయినప్పుడు మన తెలుగు గ్రూపుల్లో ఎంత టెన్షన్ నడిచిందో, పిల్లలు ఐర్లాండ్‌లో ఉన్న తల్లిదండ్రులకి వేరే చెప్పక్కర్లేదు. ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తగా ఉండమని ప్రకటన కూడా ఇచ్చింది. ఇదంతా మన దగ్గర బాగానే చర్చకు వచ్చింది. రానిది ఇంకోటుంది. ఆ ఊరివాళ్లే వందల మంది వీధిలోకి వచ్చి బాధితుడి తరఫున నిలబడ్డారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో, బ్రిటన్‌లో భాగంగా ఉన్న ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో వలసదారుల దుకాణాలు తగలబెట్టినప్పుడు కూడా కొద్ది రోజుల్లోనే వేలమంది సిటీ హాల్ చుట్టూ చేరారు, వాళ్లలో కార్మిక సంఘాల బ్యానర్లు పట్టుకున్న వాళ్లు చాలామంది.

ఇలా రావడం ఒక్కరోజులో అలవాటైంది కాదు. దీని వెనక వందేళ్లకు పైగా చరిత్ర ఉంది, అందులో సిగ్గుపడాల్సినవి కూడా ఉన్నాయి. ఇప్పుడు జరుగుతున్నవి జాతి విద్వేష దాడులు, అప్పటివి కాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య కలహాలు, రెండూ ఒకటే అని నేను అనను. కానీ పక్కవాడి మీద గుంపు వచ్చినప్పుడు ఏం చేయాలో అక్కడి యాక్టివిస్టులు నేర్చుకున్నది మాత్రం ఆ కలహాల్లోనే.

ఉత్తర ఐర్లాండ్ గొడవకి పేరు మతానిది గానీ, అక్కడ ఎవరూ బైబిల్ అర్థాల మీద కొట్టుకోలేదు. భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరికి, ఈ నేల బ్రిటన్‌లో ఉండాలా ఐర్లాండ్‌లో కలవాలా అన్నదే తగాదా. బ్రిటన్‌తో ఉండాలన్న వాళ్లు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, ఐర్లాండ్‌తో కలవాలన్న వాళ్లు ఎక్కువగా కాథలిక్కులు. మంచి జీతం వచ్చే షిప్‌యార్డు పనులు దాదాపు అన్నీ ప్రొటెస్టెంట్ల చేతిలో ఉండేవి, రేవులో మూటలు మోసే పనుల్లో కాథలిక్కులు ఎక్కువ. అందుకే కలహం వచ్చిన ప్రతిసారీ ముందు దెబ్బ తగిలేది పనిచేసే చోటే.

1907లో కార్మిక సంఘం నాయకుడు జిమ్ లార్కిన్ బెల్‌ఫాస్ట్ వచ్చి రేవు కూలీలని, బండ్లు తోలే వాళ్లని ఒక్కటి చేశాడు. ఆ సమ్మె చివరికి ఓడిపోయింది, ఆగస్టులో ఫాల్స్ రోడ్డు దగ్గర సైన్యం కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు కూడా. కానీ రెండు మతాల వాళ్లు ఒకే జెండా కింద నడవగలరని ఊరు మొదటిసారి అంత పెద్ద ఎత్తున చూసింది. 1919 జనవరిలో వారానికి 44 గంటల పని కోసం ఇంజనీరింగ్, షిప్‌యార్డు కార్మికులు సమ్మె చేస్తే, సమ్మె చేసిన వాళ్లలో అత్యధికులు ప్రొటెస్టెంట్లు, సమ్మె కమిటీ అధ్యక్షుడు మాత్రం కాథలిక్కు.

ఏడాదిన్నర తిరిగేసరికి అదే షిప్‌యార్డుల్లో ఏం జరిగిందో చూడండి. 1920 జులై 12న యూనియనిస్టుల, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షం, నాయకుడు కార్సన్ తన ప్రసంగంలో, కార్మికుల మిత్రులమని చెప్పుకునే వాళ్లు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తున్నారని హెచ్చరించాడు. మరో ఐదు రోజులకి దక్షిణాన ఉన్న కార్క్‌లో ఐఆర్ఏ, అంటే బ్రిటన్ పాలన మీద పోరాడుతున్న సాయుధ సంస్థ, ఒక పోలీసు అధికారిని కాల్చి చంపింది, అతని సొంత ప్రాంతం ఉత్తరాన ఉన్న బాన్‌బ్రిడ్జ్. జులై 21న అతని అంత్యక్రియలు. అదే రోజు మధ్యాహ్నం భోజన విరామంలో వర్క్‌మన్ క్లార్క్ యార్డు గేటు బయట మీటింగ్ పెట్టారు, అది అవగానే గుంపు లోపలికి దూరింది, పక్కనున్న హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులోకీ వెళ్లింది. చొక్కాలు చింపి మెడలో కాథలిక్కులు వేసుకునే గుర్తులేమైనా ఉన్నాయా అని వెతికారు. దొరికిన వాళ్లని కొట్టారు. కొందరు నీళ్లలోకి దూకి ఈదుకుంటూ పోతుంటే వాళ్ల మీదకి రివెట్లు, బోల్టులు విసిరారు. ఆ రోజుల్లో వేలమందిని పనిలోంచి తరిమేశారు, వాళ్లలో సుమారు నాలుగో వంతు ప్రొటెస్టెంట్లే! సోషలిస్టులు, సంఘం నాయకులు, కాథలిక్కుల పక్షం మాట్లాడతారని పేరు పడ్డవాళ్లు. వాళ్లకి పెట్టిన పేరు ‘కుళ్లిన ప్రొటెస్టెంట్లు’. అప్పుడే కార్పొరేషన్‌కి ఎన్నికైన జేమ్స్ బేర్డ్ అనే బాయిలర్ పనివాడు కూడా వాళ్లలో ఒకడు, తరిమేసిన కార్మికుల తరఫున తిరిగి తిరిగి మాట్లాడింది ఆయనే. వడ్రంగుల సంఘం దాడులు జరిగిన కంపెనీల్లో పని ఆపమని తన సభ్యులకి ఆదేశం ఇచ్చింది. కొన్ని వందల మంది పాటించారు, ఎక్కువమంది పాటించలేదు. పాటించని వాళ్లని సంఘం తీసేసింది.

ఇక దక్షిణం నుంచి వచ్చిన సంఘీభావం సంగతి. డబ్లిన్‌లోని విప్లవ ప్రభుత్వం ఆగస్టు నుంచి బెల్‌ఫాస్ట్ బ్యాంకుల్నీ, తర్వాత సరుకుల్నీ బహిష్కరించింది. కోపం న్యాయమైనదే. కానీ దానివల్ల తరిమేసిన ఒక్క కార్మికుడికీ పని తిరిగి రాలేదు, ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య అప్పుడే గీస్తున్న సరిహద్దు ఇంకాస్త గట్టిపడింది. దూరం నుంచి శిక్ష వేయడాన్ని సంఘీభావం అనుకుంటే ఇలాగే అవుతుందని నా అభిప్రాయం. 1920 నుంచి 1922 లోపు బెల్‌ఫాస్ట్‌లో 450 మందికి పైగా చనిపోయారు.

1932 అక్టోబర్‌లో నిరుద్యోగ భృతి కోసం కాథలిక్కుల ఫాల్స్, ప్రొటెస్టెంట్ల షాంకిల్ రెండూ కలిసి వీధికెక్కాయి. ఊరేగింపులో బ్యాండు ఏ పాట వాయించాలన్నదే సమస్య అయిందట, ఎందుకంటే ఆ ఊళ్లో ప్రతి పాటా ఏదో ఒక వర్గానిదే. చివరికి అరటిపళ్ల మీద ఉన్న ఒక హాస్య గీతం వాయించారు. పోలీసు కాల్పుల్లో ఒక ప్రొటెస్టెంటు, ఒక కాథలిక్కు చనిపోయారు, భృతి పెరిగింది. మూడేళ్లు తిరక్కుండానే 1935 జులైలో మళ్లీ మతకలహాలు.

1969 ఆగస్టు. బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కులుండే బాంబే స్ట్రీట్ కాలిపోయింది. ఆ వేసవిలో బెల్‌ఫాస్ట్‌లో 1,820 కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయని, అందులో 1,505 కాథలిక్ కుటుంబాలని స్కార్మన్ విచారణ తేల్చింది. షిప్‌యార్డులో 1920 మళ్లీ వస్తుందని అందరికీ భయం. అప్పుడు షాప్ స్టీవార్డులు, అంటే యార్డులో కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులు, శాండీ స్కాట్ అనే బాయిలర్ పనివాడి నాయకత్వంలో వేలమందితో సభ పెట్టి, ఇక్కడ ఎవరినీ ఎవరూ తరమకూడదని తీర్మానం చేయించారు. వాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లేనన్నది మర్చిపోకూడదు. యార్డు ఆ ఆగస్టులో ప్రశాంతంగా ఉంది. కానీ ఏడాది తిరక్కుండానే, 1970 జూన్ చివర్లో, దాదాపు 500 మంది కాథలిక్ కార్మికులని బయటికి నెట్టేశారు. 1974 మేలో లాయలిస్టుల, అంటే బ్రిటన్‌తోనే ఉండాలని పట్టుబట్టే తీవ్రవాద ప్రొటెస్టెంట్ల, సమ్మెకి ఎదురుగా లండన్ నుంచి కార్మిక నాయకుడు లెన్ మర్రీ వచ్చి ‘పనికి వెళ్దాం’ అని ఊరేగింపు తీస్తే వెంట నడిచింది రెండు వందల మంది దాకా, అంతే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించేది 1976 జనవరి 5 సాయంత్రం. ముందురోజే లాయలిస్టు గన్‌మన్‌లు ఆర్మా, డౌన్ కౌంటీల్లో రెండు కాథలిక్ ఇళ్లలోకి చొరబడి ఆరుగురి ప్రాణం తీశారు. మర్నాడు గ్లెనాన్ బట్టల మిల్లు నుంచి కార్మికులు మినీబస్సులో ఇంటికి వస్తున్నారు. కింగ్స్‌మిల్ దగ్గర సైనిక దుస్తుల్లో ఉన్న మనుషులు బస్సు ఆపారు. పన్నెండు మందిని దింపి వరసగా నిలబెట్టి, మీలో కాథలిక్కు ఎవరని అడిగారు. ఉన్నది ఒక్కడే. వచ్చింది లాయలిస్టులనీ, ఇతన్ని చంపడానికే అడుగుతున్నారనీ పక్కనున్న ప్రొటెస్టెంట్లు అనుకున్నారు. ముందుకి రావద్దన్నట్టు అతని చేతి మీద చెయ్యి వేసి ఆపారు. వచ్చింది రిపబ్లికన్లు, అంటే ఐర్లాండ్‌తో కలవాలని తుపాకీ పట్టిన వాళ్లు. అతన్ని పారిపొమ్మన్నారు, మిగిలిన పదకొండు మంది మీద తుపాకులు పేల్చారు. పది మంది అక్కడే చనిపోయారు, ఒకాయన 18 తూటాలు తగిలినా బతికాడు.  అది ఐఆర్ఏ చేసిన మతపరమైన హత్యాకాండేనని 2024లో మరణ విచారణ కోర్టు తేల్చింది.

ఒకే మిల్లులో పనిచేసి ఒకే బస్సులో ఇంటికెళ్లే వాళ్ల మధ్య అంత నమ్మకం ఉండేది. సంఘాలు నిలబడగలిగింది ఆ నమ్మకం మీదే. ఐరిష్ కార్మిక సంఘాల కాంగ్రెస్‌కి సరిహద్దుకి రెండు వైపులా, రెండు వర్గాల్లోనూ సభ్యులున్నారు, అలాంటి సంస్థలు ఆ ద్వీపంలో చాలా తక్కువ. 1976లోనే వాళ్లు ‘అందరికీ మెరుగైన జీవితం’ అన్న ప్రచారం మొదలుపెట్టారు. ఆగస్టులో ముగ్గురు పిల్లలు చనిపోయిన ఘటన తర్వాత మైరీడ్ కోరిగన్, బెట్టీ విలియమ్స్ నడిపిన పీస్ పీపుల్ ఊరేగింపులకి ప్రపంచమంతా చేతులెత్తి మొక్కింది, నోబెల్ కూడా వచ్చింది. సంఘాల పని మాత్రం పేపర్లకి ఎక్కలేదు.

అలాగని సంఘాలని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. సభ్యులు చీలిపోతారన్న భయంతో ఉద్యోగాల్లో వివక్ష గురించి అవి దశాబ్దాల తరబడి నోరు మెదపలేదు. దాని మీద గట్టిగా నొక్కింది అమెరికాలోని ఐరిష్ యాక్టివిస్టులు. దక్షిణాఫ్రికాలో అమెరికా కంపెనీలు జాతి వివక్ష చూపకూడదని తయారైన సలివన్ సూత్రాల నమూనాలో 1984లో తొమ్మిది మెక్‌బ్రైడ్ సూత్రాలు ప్రకటించి, ఉత్తర ఐర్లాండ్‌లో పెట్టుబడి పెట్టిన అమెరికా కంపెనీలు న్యాయంగా ఉద్యోగాలు ఇవ్వాలని అక్కడి పెన్షన్ ఫండ్ల ద్వారా ఒత్తిడి తెచ్చారు. 1989లో ఉద్యోగాల్లో సమానత్వంపై కొత్త చట్టం రావడంలో దానికి పెద్ద భాగమే ఉంది. దూరాన ఉన్నవాళ్లు సహాయం చేయాలంటే ఇదీ పద్ధతి, 1920 నాటి బహిష్కరణలా కాదు.

అదే 1989లో డబ్లిన్, బెల్‌ఫాస్ట్ రైలు మార్గం మీద ఐఆర్ఏ పదే పదే బాంబులు పెడుతుంటే రచయిత శామ్ మెకాట్రీ, డబ్లిన్ కార్మిక నాయకుడు క్రిస్ హడ్సన్ లాంటి వాళ్లు జనాన్ని ఎక్కించుకుని ‘పీస్ ట్రెయిన్’ నడిపారు. హడ్సన్ స్నేహితుడు, మయామి షోబ్యాండ్ గాయకుడు ఫ్రాన్ ఓటూల్‌ని 1975లో లాయలిస్టు సంస్థ యూవీఎఫ్ చంపింది. 1994 కాల్పుల విరమణకి ముందు ఆ యూవీఎఫ్‌కీ డబ్లిన్ ప్రభుత్వానికీ మధ్య మాటలు చేరవేసింది అదే హడ్సన్! స్నేహితుణ్ణి చంపిన వాళ్లతో కూర్చుని మాట్లాడటం ఎంత కష్టమో ఊహించుకోండి.

1998లో రెండు పక్షాల మధ్య గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం వచ్చింది. కలహం పోలేదు. 2001 శరత్కాలంలో ఉత్తర బెల్‌ఫాస్ట్‌లోని హోలీ క్రాస్ బడికి వెళ్లే నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల ఆడపిల్లలు సైనికుల వరసల మధ్య, బూతులు వింటూ నడవాల్సి వచ్చింది. సెప్టెంబర్ 5న వాళ్లు వెళ్లే దారిలో బాంబు పేలింది. రోజూ వాళ్లతో నడిచిన ఫాదర్ ఎయిడన్ ట్రాయ్ లాంటి కొద్దిమందిని తప్ప ఊరు వాళ్లని ఒంటరిగానే వదిలేసిందని చెప్పాలి. నాకు ఇది 1920 కంటే తక్కువ మచ్చేమీ కాదు.

2002 జనవరి 12 తెల్లవారకముందే బెల్‌ఫాస్ట్ పక్కనున్న రాత్‌కూల్‌లో డ్యూటీకి వచ్చిన 20 ఏళ్ల కాథలిక్ పోస్ట్‌మన్‌ని సార్టింగ్ ఆఫీసు బయట కాల్చి చంపారు. కాథలిక్ పోస్ట్‌మన్‌లు, టీచర్లు అందరూ మా టార్గెట్లేనని లాయలిస్టు గ్రూపు ప్రకటించింది. తపాలా ఉద్యోగులు, ప్రొటెస్టెంట్లూ కాథలిక్కులూ కలిసి, ఉత్తరాలు పంచడం ఆపేశారు. ఏ గుమ్మానికి ఏ మతం వాడు ఉత్తరం తేవాలో తుపాకీవాడు నిర్ణయించడానికి వీల్లేదని వాళ్ల పట్టు. జనవరి 18న కార్మిక కాంగ్రెస్ పిలుపు మీద బెల్‌ఫాస్ట్‌తో పాటు ఇతర ఊళ్లలోనూ జనం పని ఆపి వేల సంఖ్యలో వచ్చారు. ఆ సభకు ముందే, హత్య జరిగిన వారంలోపే, ఆ గ్రూపు వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటించుకుంది.

ఇప్పటికీ ఉత్తర ఐర్లాండ్ పిల్లల్లో పది శాతం లోపే రెండు వర్గాలవాళ్లూ కలిసి చదివే బడుల్లో ఉన్నారు, పేటల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. 2025 జూన్‌లో బాలీమీనాలో రోమా కుటుంబాల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు ‘ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లు ఉంటున్నారు’ అని తలుపులకి కాగితాలు అంటించుకున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడి ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్లకి నేను చెప్పేది ఒకటే: మీ పనిచోట సంఘం ఉంటే చేరండి. ఆ తపాలా ఉద్యోగులు అంత త్వరగా పని ఆపగలిగారంటే, అప్పటికే వాళ్లకి ఒక సంఘం ఉంది కాబట్టే.