రాతిలో రాతిరొయ్య

అంటార్కిటికా సముద్రంలో రొయ్యలు ఉన్నాయి కదా, పీతలూ లాబ్‌స్టర్లూ ఎందుకు కరువని ఒకరు అడిగారు. ఒకప్పుడు ఉండేవండీ! అక్కడి స్నో హిల్ దీవి నుంచి స్టోక్స్ అనే చిత్రకారుడు తెచ్చిన రాళ్లలో ఒక లాబ్‌స్టర్ బయటపడితే, 1903లో వెల్లర్ అనే శిలాజ శాస్త్రవేత్త దానికి ఆయన పేరే పెట్టాడు. ఇప్పుడు హోప్లోపారియా స్టోక్సీ అంటున్నాం, వయసు సుమారు 7 కోట్ల ఏళ్లు. మన తీరంలో దొరికే రాతిరొయ్య కూడా లాబ్‌స్టరే, కానీ దానికి పెద్ద డెక్కలుండవు, దీనికి ఉన్నాయి.

"చలికి చచ్చాయి" అని క్లాసులో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరి రొయ్యలకు చలి లేదా? ఇక్కడే నాకిష్టమైన మెగ్నీషియం వస్తుంది. కాన్పుల వార్డులో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించినప్పుడు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూస్తుంటారు, కాలు ఎగరడం మానేస్తే మోతాదు మించిందన్నమాట. నరం కొసలోకి కాల్షియం వెళ్తేనే కండరానికి కబురు అందుతుంది, మెగ్నీషియం ఆ దారికి అడ్డుపడుతుంది. సముద్రపు నీళ్లలో అది లీటరుకు 50 మిల్లీమోల్స్ పైనే, అంటే గ్రాముకు పైగా. రొయ్యలు మీసాల మొదట్లో ఉండే గ్రంథులతో దాన్ని తోడేసి రక్తంలో బాగా తగ్గించుకుంటాయి. చాలా పీతలకు అంత చేతకాదు. సున్నాకి అటూ ఇటూ ఉన్న నీళ్లలో, ఒకపక్క చలి ఒకపక్క ఈ మత్తు, ఇక గుండె ఏం కొట్టుకుంటుంది? కొన్ని పీతల రక్తంలో మెగ్నీషియం తగ్గించి చూస్తే గుండె పుంజుకుంది, ఒంట్లో కదలికా పెరిగింది.

ఎంత బాగుందో కదా. కానీ లాబ్‌స్టర్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది! ఇప్పటి డెక్కల లాబ్‌స్టర్లు మెగ్నీషియాన్ని రొయ్యల్లాగే తోడేస్తాయి. కాబట్టి పీతల కథను వీటికి అంటగట్టకూడదు, చాలామంది అంటగట్టేస్తారు. సుమారు 3.4 కోట్ల ఏళ్ల క్రితం ఖండమంతా మంచు కప్పడం మొదలైంది, ఆ తర్వాత మంచు ముందుకొచ్చినప్పుడల్లా తీరం దగ్గరి సముద్రపు నేలను గీకేసింది. నాకైతే అనుమానం దానిమీదే.

అన్నీ పోలేదు కూడా. స్నో హిల్ పక్కనే ఉన్న జేమ్స్ రాస్ దీవిలో మెటానెఫ్రాప్స్ అనే లాబ్‌స్టర్ శిలాజాలున్నాయి, ఆ ప్రజాతిలో మనకు తెలిసిన అతి పాతవి అవే. దాని చుట్టాలు ఇప్పుడు ఉత్తరాన, లోతైన చల్లటి నీళ్లలో ఉంటున్నాయి. వాటిలో ఒకదాని పేరు మెటానెఫ్రాప్స్ అండమానికస్. అవును, మన అండమానే.