నేపథ్యం: అలారం మోగింది, గదికి ఎవరూ వెళ్లలేదు

ఇంగ్లండ్‌లో మానసిక వైద్య వార్డుల పడకగదుల్లో పెట్టిన కెమెరాల గొడవ మళ్లీ రాజుకుంది. ఎసెక్స్ కౌంటీలో ఇన్‌పేషెంట్ల మరణాలపై కేట్ లాంపార్డ్ అధ్యక్షతన సాగుతున్న విచారణలో ‘ఆక్సివిజన్’ పేరు రావడంతో, పాత ప్రశ్నలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి.

ఆక్సివిజన్‌ను తయారుచేసింది 2012లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి పుట్టిన ఆక్సిహెల్త్ కంపెనీ. గది గోడకు ఓ పెట్టె బిగిస్తారు. అందులోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చీకట్లోనూ చూస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం రంగులో మన కంటికి ఆనని చిన్న తేడా వస్తుంది, దాన్నిబట్టి నాడి లెక్కిస్తుంది. ఛాతీ కదలికను బట్టి ఊపిరి లెక్క. మనిషి బాత్‌రూమ్‌లో మరీ ఎక్కువసేపు ఉంటే నర్సు చేతిలోని ట్యాబ్‌కు అలర్ట్ పంపుతుంది. ఒక దశలో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కింద ఆస్పత్రులు నడిపే ట్రస్టుల్లో 20కి పైగా దీన్ని పెట్టుకున్నాయి.

కంపెనీ వాదనను కొట్టిపారేయలేం. రాత్రిపూట గంటకోసారి, ప్రమాదం ఎక్కువనుకుంటే పావుగంటకోసారి, నర్సు వచ్చి టార్చి వేసి చూస్తే ఎవరికి మాత్రం నిద్రపడుతుంది? మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక ఊపిరి, నాడి గమనిస్తూ ఉండాలి. ఒంటిమీద చెయ్యి వేయనివ్వని పేషెంట్ దగ్గర ఆ పని దూరం నుంచే జరిగితే ఇద్దరికీ మేలే.

కానీ అసలు మలుపు ఇక్కడ లేదు. అది 2022లో, ఎసెక్స్‌లోని ఒక వార్డులో ఉంది.

ఓ యువతి బాత్‌రూమ్‌లోకి వెళ్లింది. మిషన్ తన పని తాను చేసింది, అలర్ట్ ఇచ్చింది. సిబ్బంది గదిలోకి వెళ్లి చూడకుండానే దాన్ని రీసెట్ చేశారని తర్వాత మరణ విచారణలో బయటపడింది. దాదాపు 50 నిమిషాల పాటు ఆమెను ఎవరూ చూడలేదు. ఆ అమ్మాయి బతకలేదు.

కెమెరా ఫెయిలైతే బాగుచేయించుకోవచ్చు. ఇక్కడ ఫెయిలైంది కెమెరా కాదు. తలుపు దగ్గరికి నడిచి వెళ్లాల్సిన పని, స్క్రీన్ మీద వేలితో నొక్కే పనిగా మారిపోయింది. పరికరం సిబ్బందికి తోడు మాత్రమేనని, మనిషి చేసే పరిశీలనకు బదులు కాదని కంపెనీ చెబుతూనే ఉంది. కాగితం మీద అది నిజమే. మనుషులు చాలని వార్డులో నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఆ ‘తోడు’ ఎలా మారుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎసెక్స్‌లో ఈ తప్పుకు ముందు చరిత్ర కూడా ఉంది. 2004–2015 మధ్య 11 మంది పేషెంట్ల మరణాలకు సంబంధించి, పేషెంట్లు తమకు తాము హాని చేసుకునే వీలున్న బిగింపులను వార్డుల్లో సరిచేయనందుకు అక్కడి ట్రస్టుకు 2021లో కోర్టు 15 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తీసేయాల్సినవి ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయని తేలిన చోటే, గోడకు కొత్త పెట్టెలు వచ్చాయి.

పేషెంట్లు ‘స్టాప్ ఆక్సివిజన్’ అని ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చాలామంది దాన్ని ప్రైవసీ గొడవ అనుకున్నారు. వాళ్లు చెప్పేది అంతకంటే లోతైనది. ‘ఎవరో నన్ను చూస్తున్నారు’ అన్న భయంతోనే వార్డులో చేరినవాళ్లు కొందరుంటారు. అది భ్రమేనని డాక్టర్ నచ్చజెబుతుంటాడు. గది గోడ మీద మాత్రం నిజంగానే కెమెరా! లైంగిక హింసకు గురైన ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా? మామూలు సమయంలో బొమ్మ మసకగానే ఉంటుంది. నాడి చూసేటప్పుడు మాత్రం నర్సుకు 15 సెకన్ల పాటు స్పష్టంగా కనిపిస్తుంది. బట్టలు మార్చుకునే మనిషికి ఆ 15 సెకన్లు ఎప్పుడొస్తాయో తెలియదు. తన గదిలో ఇది ఉందని, వద్దనొచ్చని తనకెవరూ సరిగా చెప్పలేదన్నది పేషెంట్ల నుంచి మళ్లీమళ్లీ వినిపించిన ఫిర్యాదు.

2025 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. వార్డు మొత్తానికీ ఒకే లెక్కన వాడటం కుదరదు. ఒక్కో పేషెంట్‌కు అవసరమేమిటో విడిగా చూసి, అర్థమయ్యేలా చెప్పి, సమ్మతి తీసుకోవాలి. అంటే ఉద్యమకారులు మొదటినుంచీ అడుగుతున్నదానికి చాలా దగ్గరగా వచ్చినట్టే. కొన్నేళ్లు ఆలస్యంగా.

ఇక విచారణ సంగతి. లాంపార్డ్ చూస్తున్నది 2000 నుంచి 2023 దాకా జరిగిన మరణాలను. అవి రెండు వేలకు పైనే. కెమెరాల కాలం ఆ చివరి ఏళ్లలోకి వస్తుంది. ఇదే విషయంపై అంతకుముందు చట్టబద్ధ అధికారాలు లేని విచారణ ఒకటి నడిచింది. సాక్ష్యం చెప్పమని 14,000 మంది సిబ్బందికి రాస్తే వస్తామన్నది 11 మంది. 2023లో విచారణకు చట్టబద్ధ అధికారాలు ఇచ్చారు. అలర్ట్ రీసెట్ చేసే ముందు గదికి వెళ్లి చూడాలని సిబ్బందికి ఎవరైనా నేర్పారా, ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారు అని అడగడానికి పిలిస్తే, ఈసారి రానంటే కుదరదు.