వేప్ లిక్విడ్ ఇంట్లో కలుపుకోవచ్చా? మందుల షాపులో వినిపించే అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మందుల షాపులకి ఈమధ్య ఒక కొత్త రకం చీటీ వస్తోంది. గ్లిజరిన్ ఒక సీసా, ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటే ఒకటి, ఇన్సులిన్ సిరంజీలు రెండు. షుగర్ పేషెంట్లు ఈ మూడూ కలిపి అడగరు. అడిగేది కాలేజీ కుర్రాళ్ళు, ఫోన్లో వీడియో చూసి వచ్చినవాళ్ళు. ఎందుకు బాబూ అంటే "ఏటి డాక్టరుగారూ, ఏదో ప్రాజెక్టుకి" అంటారు. నేను ఫార్మసిస్టుని. మా వైపు కౌంటర్ వెనక కూర్చున్న ప్రతివాడూ డాక్టరుగారే. ఆ ప్రాజెక్టు ఏమిటో కాస్త కదిపితే బయటపడుతుంది: గ్లిజరిన్, గ్లైకాల్ కలిపి వేప్ లిక్విడ్, అంటే ఈ-సిగరెట్లో పోసి వేడిచేసి పీల్చే ద్రవం, ఇంట్లోనే చేసుకోవడం. అప్పుడు వాళ్ళు చెప్పే మాటలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

అపోహ: నికోటిన్ వేయకపోతే చట్టంతో పనేమీ లేదు.

ఉంది. మన దేశంలో ఈ-సిగరెట్ల నిషేధం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, ఆ ఏడాదే చట్టమైంది. నికోటిన్ ఉన్నా లేకపోయినా అది వర్తిస్తుంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలే; మొత్తం వస్తువైనా సరే, అందులో ఏ భాగమైనా సరే. మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 3 ఏళ్ళు, 5 లక్షల వరకు పోతుంది. "నేను కాల్చుకోడానికే, అమ్మట్లేదు కదా" అంటారు. కాల్చినవాడికి శిక్ష అని చట్టంలో విడిగా లేదు, నిజమే. కానీ కలపడాన్ని తయారీ కింద చూడొచ్చు. హాస్టల్లో నలుగురికి పోస్తే అది పంపిణీ కావచ్చు.

అపోహ: అన్నీ తినే సరుకులే. కేకుల్లో వేసే ఎసెన్సు పీలిస్తే ఏమవుతుంది?

అన్నింటికంటే ఎక్కువగా వినేది ఇదే, అన్నింటికంటే ప్రమాదమైనదీ ఇదే. తిన్నదాన్ని అరాయించుకోడానికి కడుపు ఉంది, విషముంటే విరిచేయడానికి కాలేయం ఉంది. పీల్చినదానికి ఆ ఏర్పాటేమీ లేదు, నేరుగా ఊపిరితిత్తి పొర మీద పడుతుంది.

వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ సంగతి చూడండి. పాప్‌కార్న్‌లో వేసుకుని తిన్నవాళ్ళకి దానివల్ల ఊపిరితిత్తుల జబ్బు రాలేదు. కానీ అమెరికాలో మిస్సోరీలోని ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో, వేడి మీద దాని ఆవిరి పీలుస్తూ పనిచేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో సన్నని గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయాయి. 2000లో బయటపడిన ఆ జబ్బుకి పాప్‌కార్న్ లంగ్ అనే పేరే పడింది. వచ్చాక తగ్గేది కాదు. కస్టర్డ్, బటర్‌స్కాచ్, క్రీమ్ రుచుల ఎసెన్సుల్లో ఈ డయాసిటైల్ గానీ, దానికి దగ్గరి రసాయనాలు గానీ ఉండొచ్చు. సీసా మీద ఆ పేరు వెతికినా కనబడదు. అది కేకు కోసం చేసిన సీసా, దాన్ని ఎవరో పీలుస్తారని తయారుచేసినవాడు అనుకోలేదు.

విటమిన్ ఇ కూడా అంతే. మింగే క్యాప్సూల్స్‌లో, మొహానికి రాసే క్రీముల్లో విటమిన్ ఇ ఎసిటేట్ ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. అదే పదార్థాన్ని గంజాయి సారం ఉన్న వేప్ ద్రవాలు చిక్కగా కనబడాలని కలిపారు. 2019లో అమెరికాలో వేప్ చేసేవాళ్ళు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడానికి ముఖ్య కారణంగా తేలింది అదే. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు.

నూనెలైతే అసలు వద్దు. పుదీనా నూనె, లవంగ నూనె, నూనెలో కలిపిన ఎసెన్సు, ఏదైనా సరే, ఊపిరితిత్తిలోకి చేరిన నూనె ఒక రకం న్యుమోనియా తేవచ్చు. అన్నట్టు, దాల్చినచెక్క, నిమ్మ రుచులు ద్రవం పోసుకునే కొన్ని రకాల ప్లాస్టిక్ ట్యాంకుల్ని పగలగొడతాయని వేప్ చేసేవాళ్ళే చెప్పుకుంటారు. ప్లాస్టిక్ పగిలితే భయపడతారు, ఊపిరితిత్తి గురించి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: గ్లిజరిన్ ఎక్కడ కొన్నా గ్లిజరినే.

మా వృత్తిలో ఈ మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాగే తియ్యగా, చిక్కగా ఉండే డైఇథిలీన్ గ్లైకాల్ అనే చవక రసాయనం ఒకటుంది. అది కిడ్నీలని పాడుచేస్తుంది. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో అది కలిసిన గ్లిజరిన్ తాగించిన రోగుల్లో 14 మంది చనిపోయారు. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో పసిపిల్లల్ని బలితీసుకున్న దగ్గుమందుల్లో దొరికిందీ అదే. కంటితో, ముక్కుతో కనిపెట్టలేం, ల్యాబ్ పరీక్ష కావాలి. సబ్బుల తయారీకి డబ్బాల్లో అమ్మే గ్లిజరిన్‌కి ఆ పరీక్ష ఎవరు చేస్తారు? ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యత ప్రమాణం) అని రాసున్న సీసా నయమే, కానీ ఆ పరీక్ష మందుగా వాడటానికి, పీల్చడానికి కాదు.

అపోహ: లెక్క చాలా ఈజీ, సిరంజితో కొలిస్తే చాలు.

లెక్క ఈజీయే. చెయ్యే తప్పుతుంది. వేపింగ్ చట్టబద్ధమైన కొన్ని దేశాల్లో ఇంట్లో కలిపేవాళ్ళు మామూలుగా వాడే గాఢ నికోటిన్ మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు. 10 మి.లీ. సీసాలో మిల్లీలీటరుకి 3 మి.గ్రా. రావాలంటే దాంట్లోంచి 0.3 మి.లీ. చాలు. ఇప్పుడు మన షాపులో సిరంజి చూడండి. ఎర్ర మూతది యు-40, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు; నారింజ మూతది యు-100, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లు. రెండూ ఒకేలా సన్నగా ఉంటాయి. యు-100 మీద 30వ గీత అంటే 0.3 మి.లీ. యు-40 మీద అదే 30వ గీత 0.75 మి.లీ. రెండున్నర రెట్లు! వీడియోలో "30 దాకా లాగండి" అన్నవాడి చేతిలో ఉన్నదేదో, మీరు కొన్నదేదో. ఇన్సులిన్ విషయంలోనే ఈ గీతల గందరగోళంతో మనుషులు పడిపోతారు కాబట్టి మేము సిరంజి ఇచ్చేటప్పుడు ఇన్సులిన్ సీసా కూడా చూపించమంటాం.

ఇంకో తప్పు: సీసా మీద 10 శాతం అని ఉంటే 10 మి.గ్రా. అనుకోవడం. 10 శాతమంటే మిల్లీలీటరుకి 100 మి.గ్రా. ఒక్క సున్నా తేడా, పది రెట్లు. కాటా మీద తూస్తే సరిపోతుందనేవాళ్ళకి ఒక మాట: గ్లిజరిన్ మిల్లీలీటరు ఒక గ్రాము కాదు, దాదాపు 1.26 గ్రాములు.

అపోహ: నికోటిన్ దొరక్కపోతే చుట్ట పొగాకు నానబెట్టి తీసుకోవచ్చు.

ప్రకృతి వ్యవసాయం చేసే రైతుని అడగండి, అగ్ని అస్త్రంలో పొగాకు ఎందుకు వేస్తారో. పురుగుని చంపడానికి. ఇంట్లో నానబెట్టిన కషాయంలో నికోటిన్ ఎంత దిగిందో ఎవరూ చెప్పలేరు, దాంతోపాటు క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లూ దిగుతాయి. పైగా నికోటిన్ చర్మంలోంచి లోపలికి ఇంకిపోతుంది. తడి పొగాకు ఆకు కోసే కూలీలకి వాంతులు, కళ్ళు తిరగడం వచ్చేది అందుకే.

అపోహ: వేప్‌లోంచి వచ్చేది నీటి ఆవిరే.

కాదు. గ్లైకాల్, గ్లిజరిన్ తుంపర. ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట (కాయిల్) ఎండి మాడితే ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు కూడా వస్తుంది.

అపోహ: సిగరెట్ మానడానికే కదా, మంచి పనే.

ఇందులో కొంత నిజముంది. నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లతో సిగరెట్ మానినవాళ్ళు ఉన్నారని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ బ్రిటన్ లాంటి చోట అమ్మే ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మి.గ్రా. దాటకూడదు, సీసా 10 మి.లీ. మించకూడదు, పిల్లలు తీయలేని మూత ఉండాలి. హాస్టల్ గదిలో కలిపినదానికి ఈ హద్దులేవీ లేవు. శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే నాయనమ్మని, ఆవిడ అంగిట్లో పుండుని చూసి పెరిగిన కుర్రాడు "దానికంటే ఇదే నయం కదా" అంటే నాకు కోపం రాదు. మానాలన్న కోరిక ఉంటే 2 మి.గ్రా. నికోటిన్ గమ్ డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది. 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోకుండా సలహా ఇస్తారు.

ఇప్పటికే ఇంట్లో అలాంటి సీసా ఉంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పండ్ల వాసన వస్తుంది కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. 2014లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పిల్లాడు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాడు. నికోటిన్ విషం ఎక్కితే కనబడేవి ఇవి: వాంతులు, చొంగ కారడం, చెమటలు, ముఖం పాలిపోవడం, తర్వాత ఫిట్స్. దీనికి విరుగుడు మందు లేదు. బలవంతంగా కక్కించకండి, ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి నీళ్ళతో కడగండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్ళి, అందులో ఏమేం కలిపారో దాచకుండా చెప్పండి.