ముఖం తెలియని వారితో రాజకీయ వాదన: కొన్ని అపోహలు, వాస్తవాలు

తొమ్మిదేళ్లుగా ఒక తెలుగు ఆన్‌లైన్ చర్చావేదికకు మోడరేటర్‌గా పనిచేస్తున్నాను. అక్కడ సభ్యులందరూ మారుపేర్లతోనే ఉంటారు. హద్దు మీరిన వ్యాఖ్యలను తొలగించడం, మాటిమాటికీ కయ్యానికి దిగేవారిని కొన్నాళ్లు పక్కన పెట్టడం నా బాధ్యత. ఈ పని సంగతి తెలిసిన బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఊరూ పేరూ తెలియని వాళ్లతో అర్ధరాత్రి దాకా రాజకీయాలు వాదించి వీళ్లు ఏం బావుకుంటారు?’ నాకు తెలిసినంతలో దానికి జవాబు రాస్తున్నాను.

అపోహ: పనీపాటా లేనివారే ఇలా వాదిస్తారు.

వాస్తవం: మా వేదికలో రద్దీ పగటిపూట ఉండదు, రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. తమ గురించి తాము చెప్పుకొన్న దాన్ని బట్టి చూస్తే, వారిలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, మందుల దుకాణం నడిపేవారు, డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ మనసంతా సొంత నియోజకవర్గం మీదే పెట్టుకున్నవారు ఉన్నారు. మాట్లాడటానికి మనుషులు లేక వీరు ఇక్కడికి రారు. ఉన్న మనుషులతో మాట్లాడితే నష్టం ఎక్కువని వస్తారు. పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న వియ్యంకుడు అభిమానించే నాయకుణ్ణి ఒక్క మాట అంటే, అది కూతురి కాపురం దాకా వెళ్లవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి రాజకీయాల్లో పాల్గొనకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అపరిచితుడితో తెగిపోవడానికి అసలు బంధమే లేదు కనుక, తెగేదాకా లాగినా భయం ఉండదు.

దీనికి మన దగ్గర మరో కారణం కూడా ఉంది. తెలుగునాట ఇంటిపేరు వినగానే చాలామంది కులాన్నీ జిల్లానూ, ఆ రెండింటినీ బట్టి పార్టీనీ ఊహించేస్తారు. ఇక ఆ మనిషి ఏం చెప్పినా ‘మీవాళ్లు అలాగే అంటారులే’ అన్న మాటతో చర్చ ముగుస్తుంది. మారుపేరు ఆ ఊహకు ఆధారం లేకుండా చేస్తుంది. అయినా కొందరు ఊరుకోరు. సాగునీటి లెక్కల మీద ఎంతో ఓపికగా నాలుగు పేరాలు రాసిన ఒక సభ్యుడికి వచ్చిన తొలి జవాబు ‘ఇంతకీ మీరేమిట్లు?’ అన్నదే. ఆయన ‘క్యూసెక్కులు’ అని బదులిచ్చి మళ్లీ లెక్కల్లోకి వెళ్లారు.

అపోహ: పేరు దాచుకోవడం వల్లనే బూతులు వస్తాయి, అసలు పేర్లు తప్పనిసరి చేస్తే మర్యాద దానంతట అదే వస్తుంది.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఈ మాటనే, ఒకప్పుడు నేనూ నమ్మాను. తెర వెనుక ఉన్నప్పుడు మనిషికి బిడియం సడలుతుందని అమెరికా మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో వివరించారు. అయితే ఆయన పేరు దాచుకోవడాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపలేదు. ఎదుటివారి ముఖం కనిపించకపోవడం, జవాబు వెంటనే రాకపోవడం, అధికారం ఉన్నవారు కళ్లెదుట లేకపోవడం వంటి మరికొన్నింటిని కూడా చెప్పారు. ఆ సడలింపు వల్ల తిట్లు వచ్చినట్టే, ఎవరికీ చెప్పుకోలేని నిజాలు బయటపడటమూ జరుగుతుందని కూడా అన్నారు. ఈ రెండో సగాన్ని ఉదహరించేవారు తక్కువ.

అసలు పేరు నియమాన్ని ఒక దేశం మొత్తం పరీక్షించి చూసింది. దక్షిణ కొరియా 2007లో, సందర్శకుల రద్దీ ఎక్కువగా ఉండే వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి చేసింది. దాంతో ఆ సైట్ల దగ్గర జనం వివరాలు గుట్టలుగా పేరుకున్నాయి. 2011లో జరిగిన ఒక్క చోరీలోనే సుమారు 3.5 కోట్ల మంది సమాచారం బయటికి పోయింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగినంతగా తగ్గలేదనీ, జనం విదేశీ సైట్లకు తరలిపోయారనీ గమనించిన అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2012 ఆగస్టులో ఆ నియమాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. జ్యూరిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జర్మనీలోని ఒక వినతిపత్రాల వేదికపై 2010-13 మధ్య వచ్చిన 5 లక్షలకు పైగా వ్యాఖ్యలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఫలితమైతే మరీ విచిత్రమైనది: పేరు దాచుకున్నవారి కంటే పేరు పెట్టుకున్నవారే దురుసుగా రాశారు. ధర్మం తన పక్షాన ఉందని నమ్మే మనిషి తన పేరును దాచుకోడు, పెద్ద అక్షరాలతో రాసుకుంటాడు. మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎన్నికల నెలలో జరిగే రభసను గుర్తు తెచ్చుకుంటే ఇందులో వింతేమీ కనబడదు. అక్కడ అందరి పేర్లే కాదు, గోత్రాలు కూడా అందరికీ తెలుసు.

బయట నెమ్మదస్తుడైన మనిషి ఇక్కడికి రాగానే రాక్షసుడవుతాడన్న నమ్మకం కూడా దీనికి అనుబంధమే. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బోర్, పీటర్సన్ 2022లో చూపినది దానికి భిన్నం: ఇక్కడ కయ్యానికి కాలు దువ్వేవారు బయట కూడా అటువంటివారే, కాకపోతే ఇక్కడ వారి గొంతు అందరికీ వినబడుతుంది. అలాగని మిగిలినవారంతా మంచిముత్యాలని కాదు. చెడ్డ మానసిక స్థితిలో ఉన్న మామూలు మనిషి, తనకంటే ముందు ఉన్న వ్యాఖ్యలు కూడా దురుసుగా ఉంటే, తానూ అదే దారి పడతాడని స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రయోగం చేసి చూపారు. అందుకే నేను నూరో తిట్టు కంటే మొదటి తిట్టును తీసేయడానికి ఎక్కువ తొందరపడతాను.

అపోహ: వాదించేవారంతా డబ్బులు తీసుకునే ‘పేటీఎం బ్యాచ్’.

వాస్తవం: ఈ బిరుదును అన్ని పక్షాలవారూ ఎదుటివారికి ఇస్తుంటారు. పార్టీలకు సోషల్ మీడియా విభాగాలు ఉన్న మాట నిజమే. వారి రాతలను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: నిన్న మొన్న తెరిచిన పది ఖాతాల నుంచి ఒకే పేరా, అవే అచ్చుతప్పులతో, కొద్ది నిమిషాల తేడాతో వస్తుంది, ఎదురు ప్రశ్న వేస్తే అటువైపు ఎవరూ ఉండరు. రాత్రి రెండు గంటలకు పదకొండో జవాబు రాస్తున్న మనిషి మాత్రం తప్పకుండా ఉచితంగానే రాస్తున్నాడు.

అపోహ: ఎవరూ మనసు మార్చుకోరు కాబట్టి ఇదంతా వృథా.

వాస్తవం: సాక్ష్యం చూపితే జనం మరింత మొండికేస్తారన్న సిద్ధాంతం 2010 తర్వాత బాగా వ్యాపించింది. అమెరికా పరిశోధకులు థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 10,000 మందికి పైగా వ్యక్తులతో 52 అంశాలపై పరీక్షించి 2019లో ప్రచురించినప్పుడు, ఆ మొండితనం దాదాపుగా కనిపించలేదు. రెడ్డిట్ అనే ఆన్‌లైన్ వేదికలోని చర్చలపై కార్నెల్ పరిశోధకులు 2016లో చేసిన అధ్యయనం ప్రకారం, ఇద్దరి మధ్య వాదన అయిదు విడతలు దాటితే ఒప్పించే అవకాశం ఇంచుమించు ఉండదు. అయిదో విడత తర్వాత కూడా జనం రాస్తూనే ఉంటారంటే అది ఎదుటివారి కోసం కాదు, నోరు విప్పకుండా చదివే వందలమంది కోసం.

మనసు మారినా, మారిందని ఎవరూ ప్రకటించరు. రాష్ట్ర విభజనకు శాసనసభ ఆమోదం తప్పనిసరి అని మా సభ్యుడొకరు మూడు రోజులు వాదించారు. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం సభ అభిప్రాయం కోరితే చాలనీ, 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించిందనీ మరొకరు మూల పాఠంతో సహా చూపించారు. మొదటి ఆయన ఒప్పుకోలేదు, చర్చ నుంచి చడీచప్పుడు లేకుండా తప్పుకున్నారు. ఆరు నెలల తర్వాత ఒక కొత్త సభ్యుడు అదే వాదన మొదలుపెట్టినప్పుడు, అదే అధికరణను అతని ముందు పెట్టింది ఈయనే. కింద ఒక వాక్యం కూడా చేర్చారు: ‘ఈ మాత్రం తెలియకుండా వాదనకు ఎలా వస్తారండీ?’