కానెలో తర్వాత: మెక్సికో బాక్సర్ల ముందున్న రెండో దారి

2025 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్ అమెరికాకు చెందిన టెరెన్స్ క్రాఫర్డ్ చేతిలో ఓడి, సూపర్ మిడిల్‌వెయిట్ బరువు విభాగంలోని చాంపియన్ బెల్టులన్నీ పోగొట్టుకున్నాడు. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న మెక్సికోలో మళ్లీ మొదలైంది.

అక్కడ ఇది పాత ప్రశ్నే. 1982 ఆగస్టులో ఫెదర్‌వెయిట్ చాంపియన్ సాల్వడార్ సాంచెజ్ 23 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. కులియాకాన్‌లో పాత రైలుపెట్టెలో పెరిగిన హూలియో సెసార్ చావెస్ 1984లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచి ఆ లోటు తీర్చాడు. 1993లో ఆయన బౌట్ చూడటానికి అజ్టెకా స్టేడియానికి 1.3 లక్షల మందికి పైగా వచ్చారు.

సాంచెజ్ 16 ఏళ్లకు, చావెస్ 17కు, కానెలో 15కే ప్రొఫెషనల్ బరిలోకి దిగారు. కారణం పేదరికం. అమెచ్యూర్ బౌట్ గెలిస్తే పతకం వస్తుంది. ప్రొఫెషనల్ బౌట్‌లో ఎంత చిన్న మొత్తమైనా చేతికి డబ్బొస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే అక్కడి జిమ్‌లు పిల్లలకు మొదటినుంచీ పన్నెండు రౌండ్ల ఆటే నేర్పాయి: ముందుకు తోసుకెళ్లడం, కాలేయం మీద ఎడమ చేతి హుక్ (పక్క నుంచి కొట్టే వంపు దెబ్బ) దించడం. మూడు రౌండ్ల ఒలింపిక్ బౌట్‌కు కావలసింది వేరు. 1968లో సొంతగడ్డపై గెలిచిన రెండు స్వర్ణాల తర్వాత బాక్సింగ్‌లో మెక్సికోకు మరో స్వర్ణం రాలేదు.

ప్రతిభ లేక కాదు, పట్టించుకోక. 2015లో జాతీయ జట్టు బాక్సర్లు పోటీలకు వెళ్లే ఖర్చుల కోసం బస్సులెక్కి ప్రయాణికుల్ని డబ్బు అడిగారు. వాళ్లలో మిసాయెల్ రోడ్రిగెస్ మరుసటి ఏడు రియోలో కాంస్యం తెచ్చాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మహిళలకైతే తలుపే మూసేశారు. లా చదివిన బాక్సర్ లారా సెర్రానో కోర్టుకెక్కి పోరాడాకే, 1999లో మెక్సికో సిటీలో మహిళల ప్రొఫెషనల్ బౌట్లపై దశాబ్దాల నిషేధం తొలగింది.

నేరుగా ప్రొఫెషనల్‌గా దిగే పాత దారి మూసుకుపోలేదు. గ్వాదలహారాకు చెందిన రఫాయెల్ ఎస్పినోసా ఏళ్ల తరబడి చిన్న బౌట్లు ఆడి, 2023 డిసెంబరులో రెండు ఒలింపిక్ స్వర్ణాల క్యూబా వీరుడు రోబెయ్సీ రామిరెస్‌ను ఓడించి ఫెదర్‌వెయిట్ బెల్టు అందుకున్నాడు.

నా ఆశ మాత్రం రెండో దారిలో, అంటే ఒలింపిక్స్ మీదుగా వచ్చిన మసత్లాన్ కుర్రాడు మార్కో వెర్దే మీద. తండ్రి 1992 బార్సిలోనా ఒలింపియన్. కొడుకు తొందరపడకుండా అమెచ్యూర్‌గానే నిలిచి, 2024 పారిస్‌లో రజతం గెలిచాడు. 1984 తర్వాత ఒలింపిక్ ఫైనల్ చేరిన మెక్సికో బాక్సర్ అతనే. 2025 మేలో, రియాద్‌లో కానెలో తలపడిన రాత్రే, ప్రొఫెషనల్‌గా తొలి బౌట్ గెలిచాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. ఆ వయసుకు చావెస్ ప్రపంచ చాంపియన్.