అడ్వాన్సు తీరదు: నెల్లూరు యానాదుల పేదరికం వెనుక చరిత్ర

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల కట్ట మీద పాక వేసుకుని కాపలా ఉండే కుటుంబాల్లో యానాదులనే గిరిజనులు చాలామంది కనిపిస్తారు. యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు మగమనిషి రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట తిరిగితే, భార్య మేత చల్లడం, గట్టు గడ్డి కోయడం చూసుకుంటుంది. జీతం మాత్రం ఒక్కరి పేరునే లెక్కకు వస్తుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చినా తాత చేసిన పనికే మనవడూ కుదురుకోవడాన్ని తాగుడుకో సోమరితనానికో అంటగట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు.

1835లో మద్రాసు ప్రభుత్వం వంటచెరకు కోసం శ్రీహరికోటను స్వాధీనం చేసుకున్నప్పుడు అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకుని బతుకుతున్న యానాదులు సేకరించినదాన్ని సర్కారుకు అప్పగించి బియ్యం పుచ్చుకునే కూలీలయ్యారు. 1911 తర్వాత, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసే నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించి, వీరిలో కొన్ని వర్గాల మీద పోలీసు నిఘా పడింది. యానాదుల మధ్య పనిచేసిన సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు దానిపై ఏళ్ల తరబడి పోరాడారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది కానీ, దొంగతనం జరిగితే ముందుగా యానాది కాలనీకి వెళ్లే అలవాటు చట్టంతోపాటు పోలేదు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు; 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటి భూసేకరణ చట్టం పరిహారం లెక్కకట్టింది భూమి మీద హక్కుకే గనుక, తరతరాలుగా అడవిలో ఏరుకుని తిన్న మనిషికి చూపించడానికి కాగితమేదీ లేదు.

1980ల చివర టైగర్ రొయ్య వచ్చేసరికి ఇదే కథ నీటి మీద నడిచింది. అంతవరకు చేతులతో తడిమి చేపలు, పీతలు పట్టుకున్న కాలవల పక్కనే గుంటలు లేచాయి. పెట్టుబడి, లీజు, కరెంటు కనెక్షన్ ఉన్నవారికి అది అదృష్టం. యానాదికి దక్కింది కాపలా పని. 1994లో తెల్లమచ్చ వ్యాధి గుంటలను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో కట్టడాల మీద ఆంక్షలున్న తీరపు మేరలోని (తీర నియంత్రణ మండలం) గుంటలను తొలగించాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వా కల్చర్ చట్టం దారి తెరవగా 2009 నుంచి వనామి అనే కొత్త రకం రొయ్య రాకతో సాగు మళ్లీ పుంజుకుంది. ఈ ఎగుడుదిగుడుల్లో యజమాని నష్టాన్ని బ్యాంకూ, మేత డీలరూ కొంత మోశారు. కాపలాదారుడి అడ్వాన్సు మాత్రం పంట పోయినా కొట్టివేతకు రాలేదు, తర్వాతి గుంటకు బదిలీ అయింది. అసలు అన్యాయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కుటుంబం గుంట మారినప్పుడల్లా పిల్లవాడి బడి మారాలి. మారదు, ఆగిపోతుంది. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, కుల ధ్రువీకరణ ఒకదాన్నొకటి అడుగుతాయి; వీటిలో మొదటిది లేనివాడికి గిరిజన హాస్టల్లో సీటు, ఉపకార వేతనం, రిజర్వేషన్ అన్నీ అందని వస్తువులే. వెట్టి నుంచి బయటపడ్డవారికి 2016 నాటి కేంద్ర పథకం లక్ష రూపాయల నుంచి మూడు లక్షల దాకా పునరావాస సాయం ప్రకటించింది. అయితే దానికి రెవెన్యూ అధికారులు విచారించి ఇచ్చే విడుదల పత్రం కావాలి. విచారణలో మొదట అడిగేది అప్పు ఎంత, జీతం ఎంత అని. ఆ లెక్క రాసి ఉన్న పుస్తకం యజమాని ఇంట్లో ఉంటుంది.