పగడపు దిబ్బల జీవులు: మన దగ్గర వినిపించే అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో జంతుశాస్త్రం బోధించే నాకు, ప్రయోగశాల అరలోని తెల్లని పగడపు ముక్కను చూపినప్పుడల్లా విద్యార్థుల నుంచి, ఒక్కోసారి వారి తల్లిదండ్రుల నుంచి కూడా ఎదురయ్యే అభిప్రాయాలివి.

అపోహ: పగడం ఒక రకం రాయి, కాకపోతే సముద్రపు మొక్క.

వాస్తవం: అరలో ఉన్నది అస్థిపంజరం మాత్రమే. బతికి ఉన్నప్పుడు దానిపై పాలిప్‌లనే చిన్న జంతువులు వేలాదిగా ఉంటాయి. వాటి కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు (నాచు వంటి జీవులు) ఎండ సాయంతో ఆహారం తయారుచేసి వాటికి అందిస్తాయి. సముద్రపు నీరు మామూలు వేసవి వేడిని ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు అలాగే ఉన్నా చాలు, ఆ శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబారుతుంది. నీరు త్వరగా చల్లబడితే అది కోలుకోగలదు గానీ, 1998, 2010, 2016 సంవత్సరాల్లో వలె వేడి మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ వ్యవధి దొరకదు. అస్థిపంజరాలు పేరుకుని సముద్రంలో దిబ్బలు కట్టే పగడాల జాతుల్లో 44 శాతానికి అంతరించే ముప్పు ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో ప్రకటించింది.

అపోహ: బాసర, ధర్మపురి, కాళేశ్వరాల మీదుగా పోయే గోదావరి చివరికి సముద్రంలోనే కలుస్తుంది కనుక మన తీరంలోనూ పగడపు దిబ్బలు ఉండాలి.

వాస్తవం: గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి పగడాలకు సరిపడవు. అందుకే మన దేశంలోని ప్రధానమైన దిబ్బలు మన్నార్, కచ్ సింధుశాఖల్లో, పాక్ అఖాతంలో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి.

అపోహ: దిబ్బలను కాపాడితే చాలు, అందులోని ఒకటి రెండు జంతువులు పోయినా నష్టం లేదు.

వాస్తవం: పగడాలతో చోటు కోసం పోటీపడే స్పంజికలనే జంతువులను తిని అదుపులో ఉంచేది హాక్స్‌బిల్ తాబేలు, అందమైన పెంకు కోసం తరతరాలుగా వేటాడబడి అది తీవ్ర ప్రమాదంలో పడింది. చూడడానికి ఏమంత బాగుండని సముద్ర దోసకాయ ఇసుకను మింగి, అందులోని సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకుని శుభ్రమైన ఇసుకను వదులుతూ, పొలంలో వానపాము చేసే పనినే అక్కడ చేస్తుంది. దాన్ని పట్టడాన్ని 2001లో నిషేధించినా, ఎండబెట్టి విదేశాలకు తరలించడం ఆగలేదు.

అపోహ: దిష్టి తగలకుండా పటం కట్టి పెట్టుకునే ‘ఇంద్రజాల్’ ఒక అరుదైన అడవి వేరు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా హాని చేసే అపోహ ఇదే, ఎందుకంటే సముద్రానికి దూరంగా ఉన్న మనల్ని సముద్రజీవుల అక్రమ వ్యాపారంలో నేరుగా భాగస్వాములను చేస్తుంది. ఆ పేరుతో అమ్మేవి సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, అంటే జంతు సముదాయాల అస్థిపంజరాలు. లోతైన నీటిలోని కొన్ని నల్ల పగడాల వయసు 4,000 ఏళ్లకు పైబడినట్లు రేడియోకార్బన్ పరీక్షల్లో తేలింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులో ఉన్న వీటిని అమ్మడం, కొనడం జైలు శిక్ష పడే నేరం. ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖకు తెలియజేయవచ్చు.

అపోహ: ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం కూడా ఈ దిబ్బల నుంచే వస్తుంది.

వాస్తవం: ఆభరణాలకు పేరుపడిన ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రానిది. అది దిబ్బలు కట్టదు.